కోడలికి ఆరు నెలల మందు: ఆశా కార్యకర్తగా నా అనుభవం

చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో, బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాటు ఎక్కే లోపల, రోడ్డుకు రెండు వైపులా మామిడి తోటలు పరుచుకున్న పల్లెల్లో ఒకదానికి నేను ఆశా కార్యకర్తను. ఊరి పేరు రాయను. రాస్తే నేను చెప్పబోయే ఇల్లు ఏదో ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది. ఆ ఇంటివాళ్ళు ఇది రాయడానికి ఒప్పుకున్నారు గాని, గుర్తుపట్టేలా రాయవద్దని మాట తీసుకున్నారు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలై, వెయ్యి మంది జనాభాకు ఒక ఆశా ఉండాలని ప్రభుత్వం నిర్ణయించిన తరువాత, మా ఊరికి తొలి విడతలోనే నన్ను ఎంపిక చేశారు. గర్భిణుల పేర్లు నమోదు చేయించడం, కాన్పుకు తోడు వెళ్ళడం, పుట్టిన బిడ్డను ఇంటికి వెళ్ళి చూడడం, టీకాల రోజు తల్లులను పిలుచుకు రావడం, జ్వరాల కాలంలో ఇల్లిల్లూ తిరగడం నా పని. వీటన్నిటిలోకీ ఎక్కువ ఓర్పు అడిగేది క్షయ రోగిని ఆరు నెలలూ మందు మీద నిలబెట్టడం. పసిబిడ్డ తల్లి అయిన ఒక కోడలిని అలా నిలబెట్టిన ఆరు నెలల సంగతి ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా నా విశ్వాసం గురించి చెప్పాలి. అది లేకుండా నా పని గురించి చెప్పడం నాకు చేతకాదు. మాది పాత ఆర్కాటు మిషన్ క్రైస్తవ సంఘాల్లో పెరిగిన కుటుంబం. మా అవ్వ వేలూరు ఐడా స్కడర్ దొరసాని సంగతి నాకు చిన్నప్పుడు చాలాసార్లు చెప్పింది. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు, ఒకరి తరువాత ఒకరు, తమ భార్యలు కాన్పు కాలేక అల్లాడుతున్నారని వచ్చి ఆమెను రమ్మన్నారు. తనకు వైద్యం తెలియదని, డాక్టరైన తన తండ్రిని పంపుతానని ఆమె అంటే, పరాయి మగవాడు మా ఆడవాళ్ళను చూడడం మా ఆచారం కాదని ఆ ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లారేసరికి ఆ ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ తరువాత ఆమె అమెరికాలో వైద్యం చదువుకుని వచ్చి, 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1918లో ఆడవాళ్ళకు వైద్య విద్యాలయం తెరిచింది. మా అవ్వ ఈ కథను డాక్టర్ల గొప్పతనం కోసం చెప్పలేదు. మగ డాక్టరు దాటలేని గడపను ఆడమనిషి దాటగలదని, ఆ వీలు దేవుడు మనకు ఇచ్చాడని చెప్పేది. నేను డాక్టరును కాదు, పదో తరగతి చదివిన దాన్ని. అయినా ఆ మాట నాకు పట్టుకుంది. ఉదయం బయలుదేరే ముందు, ఆ రోజు వెళ్ళవలసిన ఇళ్ళను ఒక్కొక్కటిగా తలుచుకుని ప్రార్థన చేసుకుంటాను. ఆ ఇళ్ళలోకి వెళ్ళాక మాత్రం మత ప్రసంగం చేయను. ప్రభుత్వం పంపితే రోగం కోసం తలుపు తీసిన ఇంట్లో వేరే పని పెట్టుకోవడం ఆ ఇంటికి ద్రోహమని నా గట్టి నమ్మకం.

ఆ ఇంటికి నేను మొదట వెళ్ళింది క్షయ కోసం కాదు. ఇంటికి వెళ్ళి పసిబిడ్డలను చూసే కార్యక్రమంలో మూడో నెల, ఆరో నెల, తొమ్మిదో నెల, ఏడాది, పదిహేనో నెల అని మాకు వరుస ఉంటుంది. 2024 సెప్టెంబరులో ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు ఆరో నెల నిండింది. అన్నప్రాసన తరువాత ఏం పెట్టాలో చెప్పడానికి వెళ్ళి కూర్చున్నాను. బిడ్డ బరువు బాగుంది. తల్లి మాత్రం కాన్పు నాటికంటే చిక్కిపోయి, మాటకు మాటకు నడుమ పొడిగా దగ్గుతోంది. దగ్గు ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే అత్తగారు అందుకుని, పచ్చి బాలింత కదా, చన్నీళ్ళలో చేయి పెట్టింది, చలువ చేసింది అన్నది. సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడుతోందా, రాత్రి చెమట పడుతోందా అని అడిగినప్పుడు ఆ పిల్ల అత్తగారి వైపు చూసి, తల మాత్రం ఊపింది. దగ్గరి టౌనులో ఒక ప్రైవేటు వైద్యుడు దగ్గు సిరప్పు, సూదులు ఇచ్చి పంపాడని, నెల దాటినా తగ్గలేదని నెమ్మదిగా బయటికి వచ్చింది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెమడ పరీక్ష చేయించాలని మాకు నేర్పారు. ఆ పిల్లలో నాలుగూ ఉన్నాయి.

తెమడ ఇవ్వడం పైకి చిన్న పని. కాని పరీక్ష తప్పిపోయేది ఎక్కువగా ఇక్కడే. గొట్టంలో ఉమ్మి పట్టి ఇస్తే యంత్రానికి ఏమీ దొరకదు, రోగం లేదని కాగితం వస్తుంది, మనిషి ఇంకో మూడు నెలలు దగ్గుతూ తిరుగుతుంది. అందుకే గొట్టం చేతికిచ్చి నా దారిన నేను వెళ్ళిపోను. మొదటి నమూనా అప్పటికప్పుడే, ఇంటి వెనక చింతచెట్టు కింద, గాలి ఆడే చోట, ఎవరూ ఎదురుగా లేకుండా తీయించాను. నీళ్ళతో నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, రొమ్ము లోపలి నుంచి దగ్గి తీయాలని చేసి చూపించాను. రెండోది మరుసటి ఉదయం లేవగానే, ఏమీ తినక ముందు తీయాలి. రాత్రంతా ఊపిరితిత్తుల్లో చేరినది అప్పుడే బాగా వస్తుంది. మూత బిగించి, పేరు రాసి, రెండు గొట్టాలూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేర్చాను. ఇప్పుడు ట్రూనాట్ వంటి యంత్రాలు వచ్చి, క్షయ ఉందో లేదో చెప్పడంతో పాటు రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందు ఆ క్రిమి మీద పని చేస్తుందో లేదో కూడా ఆ రోజే చెప్పేస్తున్నాయి. నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఇవి ఉండేవి కావు. సూక్ష్మదర్శినిలో క్రిమి కనిపించనివాళ్ళు ఎందరో ముదిరే దాకా మాకు దొరికేవాళ్ళు కారు.

క్షయ ఉందని తేలింది. మందులకు లొంగే రకమని కూడా తేలింది. దానికి నేను దేవునికి ఎంతో స్తోత్రం చెప్పుకున్నాను. వైద్యాధికారి ఆమెకు చక్కెర పరీక్ష, హెచ్.ఐ.వి. పరీక్ష చేయించారు. క్షయ తేలిన ప్రతి ఒక్కరికీ అవి చేయాలన్నది నియమమే గాని ఎవరి నడత మీదా అనుమానం కాదని భర్తకు నేను ముందే చెప్పి ఉంచాను. చెప్పకపోతే ఆ రెండో పరీక్ష పేరు వినగానే సంసారాలు చెదిరిపోవడం చూసినదాన్ని. క్షయ రోగుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ ఆన్‌లైన్ పట్టిక నిక్షయ్‌లో పేరు ఎక్కింది, నంబరు వచ్చింది, బరువు చూశారు. 38 కిలోలు. 35 నుంచి 49 కిలోల మధ్య ఉన్నవాళ్ళకు రోజుకు మూడు మాత్రలు. మొదటి రెండు నెలలు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ నాలుగూ కలిసిన మాత్ర. తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడూ కలిసినది. అంతా ఉచితమే.

అసలు కష్టం ఆ సాయంత్రం ఇంట్లో మొదలైంది. మామగారు వేలూరు పెద్దాసుపత్రికి పోదామన్నాడు. మా వైపు ఏ పెద్ద జబ్బు వచ్చినా మొదట వచ్చే మాట అదే, అందులో తప్పేమీ లేదు. ఎక్కడికి వెళ్ళినా ఈ రోగానికి ఇచ్చేవి ఇవే మందులని, ఇక్కడే ఊళ్ళోనే దొరుకుతున్నాయని చెబితే ఆయన నెమ్మదించాడు. అత్తగారు మాత్రం నిర్ణయం చేసుకుని కూర్చున్నది. "ఆ పిల్లను వాళ్ళమ్మగారింటికి పంపిస్తాం ఆశక్కా. బిడ్డ మా దగ్గర ఉంటాది, డబ్బా పాలు పోస్తాం. నయమైనాక మేమే పోయి తోలుకొస్తాం" అన్నది. ఆమె చెడ్డ మనిషి కాదు. చిన్నప్పుడు తన మేనత్తను ఇదే రోగంతో పశువుల కొట్టంలో విడిగా పెట్టడం, అక్కడే ఆమె పోవడం కళ్ళారా చూసింది. భయం అక్కడి నుంచి వచ్చింది. కోడలు గోడకు ఆనుకుని, బిడ్డను ఒళ్ళో బిగించి పట్టుకుని, ఒక్క మాట కూడా అనలేదు.

నయమయ్యాక తోలుకొస్తామన్న మాట నేను ఈ పనిలో ఎన్నోసార్లు విన్నాను. పంపడం జరుగుతుంది. తోలుకురావడం అన్నిసార్లూ జరగదు. పుట్టింటికి వెళ్ళిన పిల్లకు అక్కడ ఏ ఆరోగ్య కేంద్రం కిందికి పేరు మార్చాలో తెలియదు, అక్కడి వదినలకు భయం పుడుతుంది, మందు నడుమ ఆగుతుంది. నడుమ ఆగిన మందు రోగాన్ని మొండిగా మారుస్తుంది. అందుకని ఆ రాత్రి చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. మా శిక్షణలో ఒక డాక్టరు చెప్పిన సంగతి వాళ్ళకు చెప్పాను. ఒకప్పుడు ఈ జబ్బుకు మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో, 1915 నుంచి ఉన్న ఆ శానిటోరియం అనే క్షయ ఆసుపత్రిలో, మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి అంటూ నెలల తరబడి ఉంచేవాళ్ళు. మందులు వచ్చాక, 1956లో మద్రాసులో ఒక పరిశోధన కేంద్రం పెట్టి, ఇరుకు ఇళ్ళలో ఉండే పేదవాళ్ళను రెండు జట్లు చేసి, ఒక జట్టును శానిటోరియంలో, ఒక జట్టును ఇంట్లోనే ఉంచి అవే మందులు ఇచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్ళకూ అంత బాగానే నయమైంది. అంతకంటే ముఖ్యంగా, వాళ్ళతో కలిసి ఉన్న ఇంటివాళ్ళకు, శానిటోరియంకు వెళ్ళినవాళ్ళ ఇంటివాళ్ళకంటే ఎక్కువగా రోగం రాలేదు. మందు మొదలుకాక ముందే అంటవలసింది అంటి ఉంటుందని, మందు మొదలైన రెండు మూడు వారాల్లో అంటించే గుణం బాగా తగ్గిపోతుందని తేలింది. మన పక్క ఊరి మనుషుల మీద తేలిన నిజం ఇది. మేనత్త కాలంలో ఆ మందులు లేవు, ఇప్పుడు ఉన్నాయి అని అత్తగారికి రెండు మూడు విధాలుగా చెప్పాను.

బిడ్డ సంగతి ఇంకా నాజూకైనది. క్షయ పాల ద్వారా రాదు, దగ్గినప్పుడు గాలి ద్వారా వస్తుంది. ఈ మందులు వేసుకుంటున్న తల్లి పాలివ్వవచ్చు, ఇవ్వాలి కూడా. ఆరు నెలల బిడ్డను తల్లి పాల నుంచి తప్పించి డబ్బా పాలకు మారిస్తే, విరేచనాలతో ఆ బిడ్డకు వచ్చే ఆపద చేతులారా తెచ్చుకున్నదే అవుతుంది. మూతికి మాస్కు కట్టుకుని పాలివ్వాలని, దగ్గు వస్తే ముఖం పక్కకు తిప్పుకోవాలని, పడుకునే గదికి ఉన్న ఒక్క కిటికీ రాత్రిపూట కూడా తెరిచే ఉంచాలని, తెమడను మూత ఉన్న డబ్బాలో ఫినాయిలు పోసి అందులో ఉమ్మి పారేయాలని చెప్పాను. కంచం, చెంబు, దుప్పటి వేరు చేయవద్దని గట్టిగా చెప్పాను, వాటితో ఈ రోగం రాదు కాబట్టి. బిడ్డను పిల్లల డాక్టరుకు చూపించి, రోగం లేదని తేల్చుకున్నాక, రాకుండా ఉండేందుకు ఆరు నెలలు ఐసోనియజిడ్ ఇచ్చారు. పుట్టినప్పుడు వేసిన బి.సి.జి. టీకా ఉండగా మళ్ళీ ఇదెందుకని భర్త అడిగాడు. మంచి ప్రశ్న. ఆ టీకా పసిబిడ్డలను మెదడు క్షయ వంటి ప్రమాదకరమైన రకాల నుంచి కాపాడుతుంది గాని, ఇంట్లోనే దగ్గే మనిషి ఉన్నప్పుడు అదొక్కటే సరిపోదు. మన దేశంలో ఆ టీకాను 1948లో తొలిగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. భర్తకూ అత్తమామలకూ కూడా పరీక్షలు చేయించాను. అతను గ్రానైటు పాలిషింగు పనికి వెళ్ళేవాడు. ఆ రాతి ధూళి పీల్చేవాళ్ళకు క్షయ తొందరగా పట్టుకుంటుంది గనుక అతని ఎక్స్‌రే విషయంలో నేను పట్టుబట్టాను. అందరూ బాగానే ఉన్నారు, నివారణ మందు వాడారు.

కోడలు ఇంట్లోనే ఉండిపోయింది. ఒప్పించింది నా మాటలే అని చెప్పలేను. బయలుదేరబోతుంటే అత్తగారు గుమ్మం దగ్గర నా చేయి పట్టుకుని, "నువ్వు నీ దేవుడికి చెప్పుకో, నేను మా గంగమ్మకు చెప్పుకుంటా. బిడ్డ తల్లి బతికితే చాలు" అన్నది. అప్పటికే పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టి పెట్టింది. నేను సరేనన్నాను, ఆ రాత్రి నుంచి ప్రార్థనలో ఆ ఇంటిని మొదట తలుచుకోవడం మొదలుపెట్టాను. మా సంఘంలో ఒకరిద్దరికి నా ఈ పద్ధతి నచ్చదు. ముడుపులు కట్టేవాళ్ళతో నీకు పొత్తేమిటి అంటారు. భయంలో ఉన్న ఒక తల్లి దేవుని వైపు చేతులెత్తినప్పుడు, ఆ చేతులను కిందికి దించడం నా పని కాదని నేను అనుకుంటాను.

మందు మొదలయ్యే రోజు, ఉదయం పరగడుపున మింగించడానికి నేనే వెళ్ళాను. మొదటి మాత్ర కంటే ముందే చెప్పవలసిన మాట ఒకటుంది: మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, కన్నీళ్ళు, చెమట కూడా కాస్త రంగు పట్టవచ్చు, అది రిఫాంపిసిన్ రంగే గాని రక్తం కాదు. ఇది ముందే చెప్పకపోతే ఆ మరుసటి రోజే మందు మురుగు కాలువలో పడుతుంది. కడుపులో తిప్పడం, ఆకలి మందగించడం మొదటి వారాల్లో ఉంటాయి, ఓర్చుకోవచ్చు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా ఆ క్షణమే ఫోను చేయాలి. అరికాళ్ళు తిమ్మిరెక్కకుండా బి6 మాత్ర ఇస్తారు. ఇంకొక విషయం ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పాను. రిఫాంపిసిన్ వాడుతున్నప్పుడు గర్భనిరోధక మాత్రలు సరిగా పని చేయవు, అందుకని ఈ ఆరు నెలలు నిరోధ్ గాని, కాపర్-టి గాని మేలు. అత్తగారి ముందు ఈ మాట ఎత్తితే కోడలు మళ్ళీ నన్ను నమ్మదు. ఆడవాళ్ళకు క్షయ వైద్యంలో ఈ మాట చెప్పేవాళ్ళు తక్కువ. అందరూ చెప్పాలని నా విన్నపం.

తిండి విషయంలో మా ప్రాంతానికి కొరత లేదు. రాగి సంగటి, పప్పు, వేరుశనగ, గుడ్డు, ఇంటి ఆవు పాలు చాలు. ఆ ఇంట్లో కోడలు అందరూ తిన్నాక మిగిలినది తినే అలవాటు ఒక్కటి మారాలి, అది మందుతో సమానమని మామగారితోనే చెప్పించాను. నిక్షయ్ పోషణ సాయం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఉండేది, 2024 నవంబరు నుంచి 1,000 అయింది. ఆ డబ్బు ఆమె సొంత బ్యాంకు ఖాతాకే పోవాలని నేను పట్టుబట్టాను. ఖాతాకు ఆధార్ కలపడానికి కొంత తిరగాల్సి వచ్చింది. డబ్బు పడిన రోజు ఆమె తన చేత్తో గుడ్లు కొనుక్కుంది.

కార్తీకం వచ్చేసరికి ఇంట్లో ఇంకో చిక్కు. అత్తగారు కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటుంది, కోడలికి కూడా ఉండాలని మనసు. తన ఆరోగ్యం కోసమే ఉండాలని ఆమె కోరిక. బాలింత, అందులో మందు మీద ఉన్న మనిషి, పొద్దున మాత్ర మింగి రాత్రి దాకా తినకుండా ఉంటే కడుపులో ఏం నిలుస్తుంది? వద్దని ఒక్క ముక్కలో చెప్పి ఉంటే ఆమె నాకు తెలియకుండా ఉండేది. అత్తగారినే అడిగాను, నీ కోడలి పేరున నువ్వు ఉపవాసం ఉండరాదా అని. ఆమె కాసేపు ఆలోచించి, సరేనని, ఆ నెలంతా రెండు పేర్లు చెప్పుకుని దీపం పెట్టింది. కోడలు ఆ సోమవారాల్లో అత్తగారి చేతి వంటే తిన్నది. ఆ ఇంట్లో నేను చూసిన వాటిలో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించినది అదే. అంటుకుంటుందేమోనని పుట్టింటికి పంపబోయిన మనిషే వడ్డిస్తూ కూర్చున్నది.

రెండు నెలలు నిండాక తెమడ మళ్ళీ పరీక్షించారు, క్రిమి కనిపించలేదు. బరువు పెరిగింది, దగ్గు పోయింది. ప్రమాదం వచ్చేది ఇక్కడే. ఒంట్లో రోగం ఉన్నప్పుడు మందు మానేవాళ్ళు తక్కువ, ఒళ్ళు బాగుపడ్డాక మానేవాళ్ళే ఎక్కువ. "ఆశక్కా, నాకు ఇప్పుడు బాగుండాది కదా, ఇంకా నాలుగు నెలలు ఎందుకు మింగాల?" అని ఆమె అడిగింది. పొలంలో కలుపు పైకి కోస్తే చేను శుభ్రంగానే కనిపిస్తుంది, వేరు మాత్రం లోపల ఉంటుంది అని చెప్పాను. సేద్యం చేసే ఇంటి పిల్ల కాబట్టి వెంటనే అర్థమైంది. మొదటి రెండు నెలల్లో వేగంగా పెరిగే క్రిములు చస్తాయి, మందకొడిగా దాగి ఉన్నవి చావడానికే మిగతా నాలుగు నెలలు. అర్థమైనా అలసట అలసటే. రోజూ పరగడుపున అదే వాసన, అదే మింగడం. బిడ్డకు తొమ్మిదో నెలలో తట్టు టీకా వేయించడానికి తీసుకొచ్చిన రోజు, బిడ్డకు సూది వేశాక తాను ఏడ్చింది. ఇంకెన్నాళ్ళని అడిగింది. ఆ రోజు మందు గురించి ఏమీ మాట్లాడలేదు, పక్కన కూర్చుని బిడ్డను ఎత్తుకున్నాను.

సంక్రాంతికి పుట్టింట్లో ఒక పెళ్ళి వచ్చింది. బంధువులందరి ముందు ఆ మందుల అట్ట తీయాలంటే ఆమెకు ప్రాణం పోతున్నట్టుంది. ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడబిడ్డ ఉంది, ఈ మాట బయటపడితే సంబంధాలు తప్పిపోతాయని అత్తగారి భయం. సిగ్గు పడవద్దని చెప్పడం సులభం, ఆ సిగ్గుకు మూల్యం కట్టేది నేను కాదు కదా. మాత్రల పట్టీలను ప్రభుత్వ అట్టలోంచి తీసి, ఆమె కాటుక, బొట్టు బిళ్ళలు పెట్టుకునే సంచిలో సర్దించాను. పొద్దున అందరికంటే ముందు లేచి, స్నానానికి వెళ్ళే ముందు మింగి, ఖాళీ పట్టీ ఫొటో నాకు పంపమన్నాను. పెళ్ళి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తెల్లవారుజామున నా ఫోనుకు ఆ ఫొటో వచ్చేది. అది చూశాకే నేను ప్రార్థనకు కూర్చునేదాన్ని.

మార్చిలో మందు పూర్తయింది. చివరి తెమడ పరీక్షలో ఏమీ లేదు, బరువు 44 కిలోలు. బిడ్డ మందు కూడా ముగింపుకు వచ్చింది. రాబర్ట్ కాక్ 1882లో ఈ క్రిమిని ప్రకటించిన మార్చి 24ను ప్రపంచ క్షయ దినంగా జరుపుతారు. ఆ రోజు సభకు, నయమైన వారినెవరినైనా తీసుకొచ్చి నాలుగు మాటలు మాట్లాడించమని మమ్మల్ని అడిగారు. అలా ముందుకు వచ్చి మాట్లాడేవాళ్ళ వల్ల ఎందరికో ధైర్యం వస్తుంది, వాళ్ళంటే నాకు గౌరవం. ఆమెను అడిగాను. ఆడబిడ్డ పెళ్ళి అయ్యేదాకా వద్దక్కా అన్నది. రెండోసారి అడగలేదు. తన రోగం గురించి ఎవరికి ఎప్పుడు చెప్పాలో తేల్చుకునే హక్కు ఆమెదే. సభలో మా పేర్లు చదివి శాలువా కప్పారు, మందు పూర్తి చేయించినందుకు ఇచ్చే వెయ్యి రూపాయలు తరువాత ఖాతాలో పడ్డాయి.

మే నెలలో చిత్తూరు గంగమ్మ జాతరకు అత్తగారు ముడుపు తీర్చుకుంది. పొంగలి పెట్టిన గిన్నెలోంచి నాకూ పంపింది. మా ఇంట్లో కొందరు తినవద్దన్నారు. నేను తిన్నాను. ఆ ఆదివారం ఆరాధనలో కృతజ్ఞతా కానుక వేసి, ఆ ఇంటి పేరు పైకి చెప్పకుండా స్తోత్రం చేశాను.

మందు అయిపోగానే మా పని అయిపోదు. రోగం తిరగబెట్టిందేమో చూడడానికి ఆరు నెలలకొకసారి, రెండేళ్ళ దాకా, దగ్గు ఉందా, బరువు తగ్గుతోందా అని అడిగి, అవసరమైతే తెమడ పంపాలి. జూన్‌లో బిడ్డ పదిహేనో నెల చూపుకు వెళ్ళినప్పుడు తల్లిని కూడా తూకం మీద నిలబెట్టాను, 46 కిలోలకు వచ్చింది. అప్పుడే ఆమె గొంతు తగ్గించి, పక్క వీధిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోయే ఒకామె రెండు వారాలుగా దగ్గుతోందని, తాను మాట్లాడానని, గొట్టం తీసుకుని ఫలానా ఇంటికి సాయంత్రం రమ్మని చెప్పింది. నమూనా ఎలా తీయాలో కూడా తనే ఆమెకు చెప్పి ఉంచింది: పొద్దున్నే, పరగడుపున, లోపలి నుంచి దగ్గి తీయాలని.